పదకొండు కాదు, పద్దెనిమిది

నళిని కోపం సింగపూర్ చోవా చూ కాంగ్‌లో వాళ్ళ బ్లాకంతటికీ తెలుసు. ఎవరో పిల్లాడు లిఫ్టులో ఉచ్చ పోస్తే, అంతస్తు అంతస్తూ తిరిగి ఆ పిల్లాణ్ణీ, వాడి తండ్రినీ కూడా కిందికి దింపి, ఇద్దరి చేతా కడిగించిన మనిషి ఆమె. టౌన్ కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే అవతలివాళ్ళు పేరడగరు, గొంతు గుర్తుపడతారు. భర్త విష్ణు బస్సు డ్రైవరు, నెమ్మదస్తుడు. "దాని కోపంలో తప్పుండదు, దాని గొంతులోనే ఉంటాది" అనేవాడు, ఆమె వినకుండా.

నళిని తాత శ్రీకాకుళం వైపు నుంచి తెల్లవాళ్ళ రబ్బరు తోటలకు వచ్చినవాడు. తండ్రి బంగారయ్య సెంబవాంగ్ నౌకా స్థావరంలో ఓడలకు రంగులు వేసేవాడు. నళిని పుట్టింది, పెరిగింది, చదివింది అంతా సింగపూర్‌లోనే. ఇంట్లో మాట్లాడే తెలుగు మాత్రం తాత ఊరిదే. మధ్యమధ్య దానికి తమిళం, మలయ్ అంటుకున్నాయి. అబద్ధాన్ని వాళ్ళింట్లో ఎవరూ అబద్ధమనరు, మలయ్‌లో 'బోహోంగ్' అంటారు. నళిని నోటి నుంచి ఎక్కువగా వినపడే మాట అదే.

పదిహేనేళ్ళప్పుడు ఆమె స్కూలు క్యాడెట్లలో చేరింది. ఒక శనివారం ఆడపిల్లల్ని కాల్పుల మైదానానికి తీసుకెళ్ళి, బ్రిటిష్ వాళ్ళ కాలంనాటి బరువైన రైఫిల్ ఒకటి చేతికిచ్చారు. నేర్పే ఆయన, "ఏం కాదు, ఎవరో మెల్లగా తోసినట్టుంటుంది" అన్నాడు. ఆమె నమ్మి భుజానికి వదులుగా ఆనించి పేల్చింది. భుజం ఊడి వెనక్కి పోయిందనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అంత నొప్పేం ఉండదు, భయంతో ఊహించుకుంటున్నావు" అన్నాడాయన, అందరూ వింటుండగా. ఇంటికొచ్చాక తల్లి జాకెట్టు పక్కకి జరిపి చూసి నోరు నొక్కుకుంది. నేరేడుపండు రంగులో కమిలిపోయి ఉంది. వేడి కాపడం పెడుతుంటే నళిని ఒకటే మాట: "నాను ఊహించుకున్నానంట. సూడు, ఇది ఊహేనా."

చదువయ్యాక ఒక షిప్పింగ్ కంపెనీలో టైపిస్టుగా చేరి, గుమాస్తాలందరి మీదా పెద్దగా ఎదిగింది. తొంభై ఎనిమిదిలో ఆసియా అంతా డబ్బు సంక్షోభం వచ్చినప్పుడు కంపెనీ ఆమెతో పాటు సగం మందిని తీసేసింది. రిట్రెంచ్ చేశామని చెప్పడానికి ఓ కుర్రమేనేజరు వచ్చి, కేకు కోసి, చేతిలో పెన్ను పెట్టాడు. కేకు తినకుండా వచ్చేసింది. ఆ తర్వాత ఎక్కడికెళ్ళినా "కంప్యూటర్ నేర్చుకో ఆంటీ, అప్‌గ్రేడ్ అవు" అనేవాళ్ళే. పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళి నేర్చుకుంది. తన కన్నా ఇరవయ్యేళ్ళు చిన్నవాళ్ళ పక్కన కూర్చుని వెబ్ పేజీ ఎలా చెయ్యాలో నేర్చుకుని, వాళ్ళ కన్నా ముందే పరీక్ష ప్యాసైంది.

ఆ రోజుల్లో సింగపూర్‌లో ఎక్కడ చూసినా డాట్‌కామ్‌లే. హైదరాబాద్ నుంచి వచ్చిన జనార్దనరావు జురాంగ్ ఈస్ట్‌లో ఓ ఫ్యాక్టరీ భవనం అయిదో అంతస్తులో అలాంటి కంపెనీ ఒకటి పెట్టాడు. అమెరికా దుకాణాలకు వెబ్‌సైట్లు తయారుచేసి నడిపించడం వాళ్ళ పని. ఇంటర్వ్యూలో ఆయన నళిని పేరు చూసి తెలుగులో పలకరించాడు. ఆమె జవాబిస్తే ఆయనకి నవ్వొచ్చింది.

"భలే ఉందమ్మా మీ లాంగ్వేజ్. మ్యూజియంలో పెట్టాలి. ఎనీవే, మీ ఇంగ్లిష్ సూపర్. మన తెలుగువాళ్ళం మనం, కలిసి పనిచేద్దాం."

ఆయన మీద ఆమెకి మొదటిసారి కోపం వచ్చింది అప్పుడే. ఉద్యోగం అవసరం కాబట్టి నోరు నొక్కుకుంది.

ఆమెకిచ్చిన పని విచిత్రమైనది. వేట సామాను అమ్మే అమెరికా దుకాణం ఒకటి వాళ్ళకి పెద్ద కస్టమరు. ఆ సైట్లో 'అంకుల్ వెస్' అనే పేరుతో ఓ పేజీ ఉంది. గడ్డం, చెక్స్ చొక్కా, పక్కన కుక్కతో ఓ ముసలాయన బొమ్మ. జనం ఈమెయిల్లో ప్రశ్నలడిగితే అంకుల్ వెస్ జవాబిస్తాడు. ఆ అంకుల్ వెస్ ఎక్కడా లేడు. చోవా చూ కాంగ్ నుంచి రోజూ ఎం.ఆర్.టి. రైలెక్కి వచ్చే నలభై అయిదేళ్ళ నళినే ఆయన.

"నా పేరు పెట్టుకుంటే ఏటవుద్ది సార్?" అని అడిగింది.

"ఆడమనిషి, అందులోనూ సింగపూర్ నుంచి తుపాకీల గురించి చెప్తే ఎవడు వింటాడమ్మా? బీ ప్రాక్టికల్."

అది రెండోసారి.

కానీ పని చేపడితే సగంలో వదిలే మనిషి కాదు. దుకాణం పంపిన కేటలాగులూ పుస్తకాలూ పెట్టె నిండా తెచ్చుకుని చదివింది. ఎక్కువ ప్రశ్నలు లీవరు రైఫిళ్ళ గురించే వచ్చేవి. ట్రిగ్గరు కింద కమ్మీ ఒకటి ఉంటుంది. దాన్ని కిందికి లాగి పైకి నొక్కితే కాలిన తూటా బయటికి పడి కొత్తది లోపలికెక్కుతుంది. అమెరికా అడవుల్లో దుప్పుల్ని వేటాడేవాళ్ళకి తాతల నాటి నుంచీ అది ఇష్టమైన తుపాకీ. అందరూ అడిగేది ఒకటే: ఏ తూటా భుజాన్ని ఎంత తంతుంది?

దాని గురించి నళిని ఒక పట్టిక తయారుచేసింది. తూటా ముందుకి ఎంత జోరుగా పోతే తుపాకీ అంత జోరుగా వెనక్కి వస్తుంది. తుపాకీ బరువుగా ఉంటే ఆ జోరు కొంత తనే మింగుతుంది. తేలికైతే మొత్తం మనిషి భుజమే తినాలి. గుంటూరు నుంచి వచ్చిన గోపీకృష్ణ అనే కుర్ర ఇంజనీరు ఆ లెక్కకి ప్రోగ్రాం రాశాడు. తూటా, మందు, తుపాకీ బరువు ఇస్తే తన్ను ఎంతో అంకె వస్తుంది. ఏడున్నర పౌండ్ల రైఫిల్లో ముప్ఫై-ముప్ఫై అనే తూటాకి పదకొండు. నలభై నాలుగు అనే తూటాకీ ఇంచుమించు అంతే. ముప్ఫై అయిదుకి పదమూడున్నర. నాలుగొందల నలభై నాలుగు అనేదానికైతే ఇరవై మూడు. పదిహేను దాటితే మామూలు మనిషి ట్రిగ్గరు నొక్కే ముందే కళ్ళు మూసుకుంటాడని పుస్తకాలు చెప్పాయి. ఆమెకి పుస్తకాలు చెప్పక్కర్లేదు. పట్టిక కింద అంకుల్ వెస్ గొంతుతో ఇలా రాసింది: "మెల్లగా తోసినట్టుంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. తుపాకీ తంతుంది. ఎంత తంతుందో ముందే తెలుసుకుని భుజానికి గట్టిగా ఆనించండి. భయపడినవాడు గురి తప్పుతాడు. గురి తప్పితే దుప్పి చావదు, పొట్టలో దెబ్బతో పారిపోయి రోజంతా బాధపడి ఎక్కడో పడిపోతుంది. తట్టుకోలేని తుపాకీ పట్టుకోవడం ఆ జంతువు పట్ల పాపం."

ఆ సైట్లో జనం అన్నిటికన్నా ఎక్కువగా చూసిన పేజీ అదే అయింది. "అంకుల్ వెస్, మా నాన్న పోయాక ఇంత ఓపికగా ఎవరూ చెప్పలేదు" అని ఒకాయన రాశాడు. నళిని ఆ ఈమెయిల్ చూసి నవ్వుకుంది గానీ లోపల మంట. ఆ ఓపిక నాది, ఈ ముసలాడిది కాదు అనుకుంది.

రెండువేల సంవత్సరం, అమెరికాలో ఎండాకాలం ముగిసేటప్పటికి ఆ దుకాణం తన పేరుతో సొంత రైఫిల్ ఒకటి తెచ్చింది. పిల్లల కోసం, పొట్టిది, తేలికైనది. లీవరుదే, ముప్ఫై అయిదు తూటాది. బరువు అయిదున్నర పౌండ్లు. నళిని లెక్క వేయించింది. తన్ను పద్దెనిమిది దాటింది. పిల్లలకి కాదు కదా, కొత్తగా నేర్చుకునే పెద్దవాళ్ళకి కూడా ఇది ఎక్కువని రాసి పేజీలో పెట్టింది.

రెండ్రోజుల తర్వాత పొద్దున వచ్చి చూస్తే పట్టికలో పద్దెనిమిది లేదు. పదకొండు ఉంది. కింద ఆమె రాసిన వాక్యాలు లేవు. వాటి బదులు, "నా మనవరాలు దీన్ని కన్నార్పకుండా పేల్చింది. ముప్ఫై-ముప్ఫై అంత మృదువు" అని అంకుల్ వెస్ చెబుతున్నాడు.

ఆమె నేరుగా గోపీకృష్ణ బల్ల దగ్గరికి వెళ్ళింది.

"గోపీ, ఈ పదకొండు ఏటి?"

అతను స్క్రీన్ మీంచి తల తిప్పలేదు. "బరువు దగ్గర తొమ్మిది పౌండ్లు వెయ్యమన్నారు ఆంటీ. క్లయింటు అడిగారంట. వేస్తే అదే వచ్చింది."

"తుపాకీ అయిదున్నర. తొమ్మిదని ఎలాగేసినావు?"

"సార్ చెప్పారాంటీ. నా వర్క్ పాస్ రెన్యూవల్ వచ్చే నెల. మీకు తెలీదా?"

నళిని అతన్ని అక్కడే వదిలేసింది. గదిలోకి వెళ్ళి జనార్దనరావు ముందు నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇది బోహోంగ్ సార్. పిల్లలు పేలుస్తారు దీన్ని."

"నళిని గారూ, ముందు కామ్ డౌన్. తన్ను అనేది ఫీలింగ్. ఒకడికి పద్దెనిమిది అనిపిస్తే ఇంకొకడికి పదకొండు అనిపిస్తుంది. ఇట్స్ సబ్జెక్టివ్."

"ఫీలింగ్ అయితే అంకె ఎందుకు? అంకె పెట్టినప్పుడు నిజం అంకె పెట్టాలి."

"ఆ దుకాణంవాళ్ళు మన కంపెనీలో పెట్టుబడి పెట్టబోతున్నారు. ఒక్క అంకె కోసం దాన్ని పాడుచేసుకుందామా? అయినా ఇక్కడ కూర్చుని ఎవడు కొలుస్తాడు? మీరు ఎప్పుడైనా తుపాకీ పేల్చారా?"

"పేల్చాను" అంది. ఆయన అది వినలేదు, ఫోన్ మోగితే తీసుకున్నాడు. మాట్లాడుతూనే చేత్తో వెళ్ళమని సైగ చేశాడు.

ఆ సైగ నళినికి చాలా రోజులు గుర్తుంది. ఇంటికొచ్చి వంటింట్లో గిన్నెలు ఎత్తెత్తి వేస్తుంటే, పొద్దుటి షిఫ్టు దిగి వచ్చిన విష్ణు సోఫాలోంచి అడిగాడు, "ఎవరి మీద?"

చెప్పింది. మొత్తం విని విష్ణు, "వదిలీ లా. మన దగ్గిర తుపాకీ లేదు, దుప్పీ లేదు. ఈ దేశంలో తుపాకీ పేలిస్తే ఉరేస్తారు. ఎక్కడో అమెరికాలో ఎవరో కాల్సుకుంటే నీకెందుకు సుసా?" అన్నాడు. కష్టాన్ని 'సుసా' అనడం, మాట చివర 'లా' తగిలించడం అతనికి మలయ్ నుంచి అబ్బినవే.

"ఆ మాటలు నా సేతి కింద నుంచి ఎల్లినాయి కాబట్టి."

"నీ పేరు లేదు కదా దానిమీద."

"అదే. నా పేరుంటే వాడు ముట్టుకోడానికి బయపడేవోడు."

అయినా ఫ్లాటు మీద లోను ఉంది, కూతురు పాలిటెక్నిక్‌లో చేరింది, విష్ణు ఒక్కడి జీతం చాలదు. ఆమె ఉద్యోగం మానలేదు. ప్రతి వారం జనార్దనరావుకి ఆ అంకె మార్చమని ఈమెయిల్ పంపేది. ఆయన జవాబివ్వలేదు. ఆఫీసులో ఆమె కోపం ఒక తమాషా అయిపోయింది. టీ మెషిన్ దగ్గర కుర్రాళ్ళు, "ఆంటీ ఇవాళ ఎంత? పదకొండా పద్దెనిమిదా?" అని అడిగేవారు. మూడోసారి అడిగినవాడి కప్పులో టీ సింకులో ఒంపేసింది. తర్వాత ఎవరూ అడగలేదు.

నవంబరు చివర్లో అమెరికాలో దుప్పుల వేట కాలం మొదలైంది. ఓ మంగళవారం పొద్దున విస్కాన్సిన్ నుంచి గ్రెగ్ అనే ఆయన రాసిన ఈమెయిల్ వచ్చింది. నళిని అది కంప్యూటర్ ముందు నిలబడే చదివింది, కుర్చీ లాక్కోవడం మర్చిపోయింది.

ఆయన తిట్టలేదు. అదే ఆమెని చంపింది. కూతురికి పన్నెండేళ్ళంట, పేరు ఎమిలీ. మొదటి వేటంట. అంకుల్ వెస్ పట్టిక చూసి ఆ పొట్టి రైఫిల్ కొన్నాడంట. వేటకి ముందు ఇంటి వెనక మైదానంలో పేల్పిస్తే పిల్ల, "భుజం నొప్పిగా ఉంది నాన్నా, ఇది వద్దు" అందంట. "పదకొండే, ముప్ఫై-ముప్ఫై అంతే. మీ నానమ్మ కూడా దాన్ని పేల్చింది. ఊహించుకోకు, పిరికిదానివా" అన్నాడంట. వేట రోజు దుప్పి వచ్చింది. పిల్ల కళ్ళు మూసుకుని ట్రిగ్గరు నొక్కింది. తుపాకీ మీది దుర్భిణి అంచు వెనక్కొచ్చి కనుబొమ్మ చీల్చింది. కుట్లు పడ్డాయి. తూటా దుప్పికి పొట్టలో తగిలింది. చీకటి పడేవరకూ నెత్తురు జాడ పట్టుకుని వెతికారు, దొరకలేదు. పిల్ల అప్పటి నుంచి తండ్రితో సరిగ్గా మాట్లాడటం లేదు. చివర్లో ఆయన ఇలా అడిగాడు: "మీ అంకె తప్పు కాదని నాకు తెలుసు. కాబట్టి నేనే ఏదో తప్పుగా నేర్పాను. ఏం తప్పు చేశానో చెప్పండి అంకుల్ వెస్."

నళిని ఆ ఈమెయిల్ అచ్చు తీసి జనార్దనరావు బల్ల మీద పెట్టింది. ఆయన చదివాడు. ఆయనకి పాపం అనిపించలేదని చెప్పలేం. కాగితం బోర్లా పెట్టాడు. తర్వాత అన్నాడు, "పిల్ల తుపాకీ సరిగ్గా పట్టుకోలేదని రాయండి. భుజానికి గట్టిగా ఆనించమనండి. పోలైట్‌గా. ఓ కూపన్ కూడా పంపుదాం."

"అంటే తప్పు ఆ పన్నెండేళ్ళ గుంటదా?"

"తప్పు ఎవరిదీ కాదు. యాక్సిడెంట్."

"సార్, ఆ గుంట నొప్పి అని సెప్పినాది. తండ్రి నమ్మలేదు. ఎందుకు నమ్మలేదు? మన అంకె సూసి. సొంత కూతురి మాట కన్నా మన బోహోంగ్ నమ్మినాడు. ఇప్పుడు మళ్ళీ దానిదే తప్పని మనమే రాయాలా?"

"వాయిస్ తగ్గించండి. బయట అందరూ వింటున్నారు."

"విననీండి."

బయట నిజంగానే కీబోర్డులు ఆగిపోయాయి. జనార్దనరావు లేచి తలుపు వేశాడు. తలుపు వేశాక ఆయన గొంతు మారింది. ఆయనకి సాయంత్రం ఫ్లైటుంది, పెట్టుబడి మాటలకి వెళుతున్నాడు. తిరిగొచ్చేలోపు ఆ జవాబు పోవాలి, పోకపోతే ఆమె బల్ల ఖాళీ చేసుకోవచ్చు అన్నాడు. "మీలాంటి లోకల్స్‌కి పర్మనెంట్ ఉద్యోగాలు అలవాటైపోయాయి. ఇది బూమ్ అమ్మా, ఇక్కడ రన్ చెయ్యాలి" అని కూడా అన్నాడు.

ఆయన వెళ్ళిన మర్నాడు పొద్దున్నే నళిని ఆఫీసుకి వచ్చింది. పొద్దున్నే అంటే అమెరికాలో సాయంత్రం, వేటగాళ్ళు అడవిలోంచి ఇంటికొచ్చి కంప్యూటర్ల ముందు కూర్చునే వేళ. ముందు గ్రెగ్‌కి నిజం చెబుతూ తన పేరుతో జవాబు రాసింది. ఆ తర్వాత అంకుల్ వెస్ పేజీ తెరిచింది. ఆ పేజీకి పాస్‌వర్డు ఆమె దగ్గరే ఉంది. గోపీకృష్ణ అప్పుడే వచ్చి బ్యాగు దించుతున్నాడు. ఆమె స్క్రీన్ చూసి దగ్గరికొచ్చాడు.

"ఆంటీ, వద్దు. కేసు వేస్తారు."

"నువ్వు పో, కాఫీ తాగిరా. నువ్వు సూడలేదు."

అతను ఒక్క క్షణం నిలబడి, వెళ్ళిపోయాడు.

ఆమె గడ్డం ముసలాయన బొమ్మ తీసేసింది. ఆ చోట రాసింది: "అంకుల్ వెస్ అనే మనిషి లేడు. ఈ జవాబులన్నీ రాసింది నేను. నా పేరు నళిని. నేను సింగపూర్‌లో ఉంటాను. దుప్పిని వేటాడలేదు. పిల్లల రైఫిల్ పక్కన ఉన్న అంకె అబద్ధం. తుపాకీ బరువు అయిదున్నర పౌండ్లు, తొమ్మిది కాదు. తన్ను పదకొండు కాదు, పద్దెనిమిది. కొన్నవాళ్ళు ఇంట్లో తూచి చూసుకోండి. మీ పిల్ల నొప్పి అంటే నమ్మండి. పిల్లని తిట్టకండి, మమ్మల్ని తిట్టండి."

మధ్యాహ్నానికల్లా తిట్లు వచ్చాయి. వందల్లో. నళిని ఒక్కొక్కటీ తెరిచి చదివింది, కోపం పెరుగుతూ పోయింది. తుపాకీ బరువు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇన్నాళ్ళూ ఓ ఆడదాని మాట విన్నామా అని కొందరు. ఎక్కడో ఆసియాలో కూర్చుని మా వేట గురించి నీకేం తెలుసని కొందరు. నాన్న పోయాక ఇంత ఓపికగా ఎవరూ చెప్పలేదని రాసినాయన కూడా రాశాడు. ఆమెని దొంగ అన్నాడు. అంకె మార్చినవాణ్ణి ఒక్కడూ ఏమీ అనలేదు. పేరు దాచినందుకు ఆమెనీ, పేరు చెప్పినందుకూ ఆమెనే అన్నారు.

జనార్దనరావు ఫ్లైటు దిగీ దిగగానే ఫోన్ చేశాడు. నళినితో మాట్లాడలేదు, గోపీకృష్ణతో మాట్లాడాడు. గోపీకృష్ణ తల వంచుకుని పాత పేజీ తిరిగి పెట్టాడు. గడ్డం, కుక్క, పదకొండు, అన్నీ వచ్చేశాయి. ఆ చేతుల వైపు చూస్తూ నళిని తన సామాను సంచిలో వేసుకుంది. ఈసారి ఎవరూ కేకు కొయ్యలేదు.

గ్రెగ్ జవాబు ఇంటి ఈమెయిల్‌కి వచ్చింది. ఆయనకి పంపినదాంట్లో ఆమె సొంత అడ్రసు ఇచ్చింది. అందులో దయ ఏమీ లేదు. "నీ వల్ల నేను నా కూతుర్ని పిరికిది అన్నాను. నీ పేరు ఇప్పుడు చెప్పి ఏం లాభం? రెండు నెలల ముందు చెప్పాల్సింది" అన్నాడు. చివర్న మాత్రం, రైఫిల్ని పార్సిళ్ళు తూచే త్రాసు మీద పెట్టాననీ, అయిదున్నర మీద కొంచెం చూపించిందనీ, ఆ త్రాసు దగ్గరికి ఎమిలీని పిలిచి చూపించి క్షమించమని అడిగాననీ రాశాడు.

నళిని ఆ మాటలు విష్ణుకి చదివి వినిపించింది. "రెండు నెలల ముందు సెప్పాలని రాసినాడు. నిజమే రాసినాడు" అని కంప్యూటర్ ఆపేసింది. విష్ణు పక్కన కూర్చున్నాడు. వదిలెయ్యమని ఈసారి అనలేదు.

మరుసటి ఏడాది మార్చి నాటికి డాట్‌కామ్‌లన్నీ ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. పెట్టుబడి రాలేదు. జనార్దనరావు కంపెనీ కూడా పోయింది. ఆయన కేసు వేయలేదు, దానికి తీరిక దొరకలేదు. కొంతకాలానికి టాంజాంగ్ పాగార్‌లో కంప్యూటర్ శిక్షణ సంస్థ తెరిచాడు. ఉగాది సభలో శాలువా కప్పించుకుని ఐ.టి. రంగంలో విలువల గురించి మాట్లాడాడని ఎవరో చెబితే నళిని చేతిలో ఉన్న గ్లాసు బల్లకేసి కొట్టింది. ఆ దుకాణం ఏం చేసిందో కూడా ఆమె చూస్తూనే ఉంది. అంకెని సరిదిద్దలేదు. రైఫిల్ వెనక మందమైన రబ్బరు ముక్క అతికించి, పట్టికలో ఆ వరుస మొత్తం తీసేసింది. పొరపాటు జరిగిందని ఒక్క ముక్క కూడా రాయలేదు.

ఆమెకి ఓ స్కూలు ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఫీజులు, అడ్మిషన్లు, పిల్లలకి దెబ్బలు తగిలితే తల్లిదండ్రులకి ఫోన్లు. గోపీకృష్ణకి ఉద్యోగం పోయింది గానీ వేరే కంపెనీ పాస్ ఇచ్చింది. ఓ ఆదివారం చోవా చూ కాంగ్ మాల్ ఫుడ్‌కోర్టులో అతను ట్రే పట్టుకుని కుర్చీ వెతుకుతుంటే ఎదురుపడ్డాడు. తప్పించుకునే దారి లేక నిలబడిపోయాడు.

"కూసో" అంది నళిని, బల్ల మీద ఉన్న తన గొడుగు తీసి.

కూర్చున్నాడు. నూడుల్స్ కెలుకుతూ, "సారీ ఆంటీ. అప్పుడు పాస్ టెన్షన్. ఇంట్లో చెల్లెలి చదువు. మీకేం, మీరు సిటిజన్" అన్నాడు.

"అవును, నాను సిటిజన్ని. నాను అరిసినా ఎవడూ దేశం నుంచి పంపీలేడు. అందుకే నాను అరిసినాను. నిన్ను అరవమన్నానా? ఎళ్ళి కాఫీ తాగమన్నాను."

"మరి కోపం దేనికాంటీ?"

"తొమ్మిది అని ఏసింది నీ సేత్తో. మళ్ళీ పదకొండు అని ఏసింది నీ సేత్తో. రెండోసారి ఆ గుంట కుట్ల గురించి తెలిసి ఏసినావు. నీకు పాస్ ఉంది, నాకు లోను ఉంది, ఆ సార్‌కి పెట్టుబడి ఉంది. అందరికీ ఏదో ఒకటి ఉంది. భుజం మాత్రం ఆ గుంటది."

అతను ఫోర్కు పళ్ళెంలో పెట్టేశాడు. ఆమె ఫరవాలేదులే అనలేదు. అనాలని ఆమెకి అనిపించలేదు. సగం తిన్న నూడుల్స్ చల్లారిపోతుంటే, "తిను, మకాన్ వేస్ట్ సెయ్యకు" అని మాత్రం అంది. తిండికి కూడా వాళ్ళింట్లో మలయ్ మాటే.

తింటూ అతను అడిగాడు, "ఆ పిల్ల నాన్న మళ్ళీ రాశాడా?"

రాశాడు. పోయిన నెలలోనే. ఎమిలీ మళ్ళీ వేటకి వస్తానంటోందని, వాళ్ళ తాతగారి పాత ముప్ఫై-ముప్ఫై లీవరు రైఫిల్ ఉందని, తూస్తే ఎనిమిది పౌండ్ల దగ్గర ఉందని, తన్ను ఎంతుంటుందని. పలకరింపు లేదు, నళిని అనే పేరు ఒక్కటి రాసి కామా పెట్టాడు.

"మీరేం రాశారు?"

"పదికి కాస్త ఎక్కువో తక్కువో అని రాసినాను. ముందు అయిదు తూటాలే పేల్పించండి, గుంట ఆపమంటే ఆపీండి, కారణం అడక్కండి అని రాసినాను."

"ఆయన?"

"ఆయన ఇంకా ఏటీ రాయలేదు" అంది నళిని. ట్రే తీసుకుని లేచింది. పక్క బల్ల దగ్గర ఎవరో ఎంగిలి పళ్ళేలు వదిలేసి వెళ్ళిపోతుంటే, వాళ్ళని కేకేస్తూ అటు నడిచింది.